విదేశీ నగరంలో ఫ్యాక్టరీ పెట్టాలంటే ముందు జీతాలే చూడాలా?

కాదు, ముందు చూడాల్సింది ఒక్కో వస్తువు తయారై కొన్నవాళ్లకు చేరేసరికి మొత్తం ఎంత ఖర్చవుతుందన్నది. జీతాలు తక్కువైనా, పని నేర్పినవాళ్లు ఆర్నెల్లకే మానేస్తే, కరెంటు పోయి మాటిమాటికీ తయారీ లైన్ ఆగితే ఆ మిగులు ఎగిరిపోతుంది.

మలేషియాలోని పెనాంగ్‌నే చూడండి. కంప్యూటర్ చిప్‌లు చేసే అమెరికా కంపెనీ ఇంటెల్ తన మొదటి విదేశీ ప్లాంటును 1972లో అక్కడే పెట్టింది. ఇప్పుడు జీతాలు వియత్నాంలో కన్నా అక్కడే ఎక్కువ, అయినా చిప్ కంపెనీలు వస్తూనే ఉన్నాయి. బయాన్ లెపాస్ పారిశ్రామికవాడ పక్కనే విమానాశ్రయం, చుట్టూ విడిభాగాలు చేసిచ్చే స్థానిక సంస్థలు ఉన్నాయి. ప్రభుత్వం, కంపెనీలు, విద్యాసంస్థలు కలిసి 1989లో పెట్టిన శిక్షణ కేంద్రం వీటన్నిటికన్నా విలువైంది.

చాలామంది పొరబడేది జనాభా దగ్గర. ఊళ్లో లక్షలమంది ఉన్నా అందరూ మనకు దొరకరు. మనకు కావాల్సిన పని తెలిసినవాళ్లు ఎందరు, వాళ్లకోసం ఇప్పటికే ఎన్ని కంపెనీలు పోటీపడుతున్నాయి అన్నది కనుక్కోవాలి.