లివింగ్ విల్‌కు మేజిస్ట్రేట్ సంతకం అవసరమా? (సమాధానం)

మీ నాన్నగారు 2024లో ఇద్దరు సాక్షుల ఎదుట రాసి నోటరీ చేయించిన లివింగ్ విల్‌ను (కోలుకోలేని స్థితిలో ప్రాణాధార చికిత్స వద్దని ముందే రాసిపెట్టే పత్రం), మేజిస్ట్రేట్ సంతకం లేదంటూ ఆసుపత్రివారు పక్కన పెట్టారని రాశారు. ఇలాంటి వేళ కుటుంబాన్ని కాగితాల కోసం తిప్పడం నిజంగా బాధాకరం. ఆ సంతకం నిబంధన కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ఇచ్చిన తీర్పులోనిది. 2023 జనవరి 24న అదే కోర్టు దాన్ని సవరించి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలని చెప్పింది కనుక ఆ అభ్యంతరం నిలవదు. చికిత్స చేస్తున్న వైద్యుడితోపాటు కనీసం ఐదేళ్ల అనుభవమున్న ఇద్దరు నిపుణులతో ప్రాథమిక బోర్డు (చికిత్స ఆపవచ్చా అని తేల్చే వైద్యుల బృందం) వేయమని ఆసుపత్రిని లిఖితపూర్వకంగా కోరండి. అది, ఆపై దాని అభిప్రాయాన్ని సరిచూసే రెండో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లోపు అభిప్రాయం చెప్పాలి. వెంటిలేటర్ తీసేముందు ఆసుపత్రి మేజిస్ట్రేట్‌కు సమాచారం ఇవ్వాలి, అంతేగాని అనుమతి అడగనక్కర్లేదు. బోర్డు నిరాకరిస్తే రాజ్యాంగంలోని 226వ అధికరణ కింద హైకోర్టును ఆశ్రయించవచ్చు.