లేపకండి, లేవనివ్వండి
పాఠకుల ప్రశ్నలకు ఫిజియోథెరపీ నిపుణుల జవాబులు

ప్రశ్న: మావారికి ప్రమాదంలో మోకాలి కింది పెద్ద ఎముక విరిగితే రాడ్ వేశారు. ఆరు వారాలు ఆ కాలు నేలకు ఆనించొద్దన్నారు. చంకల కింద చేతులేసి లేపుతున్నాను. ఆయనకి భుజాలు, నాకు నడుము పట్టేస్తున్నాయి. మెట్ల దగ్గరైతే ఇద్దరికీ భయమే.

జవాబు: చంకల కింద పట్టి లాగడం ఈ రోజే మానేయండి. అలా లాగితే ఆయన ఒళ్లు వెనక్కి వాలిపోతుంది, మంచి కాలికి పనే ఉండదు. బరువంతా ఆయన భుజం కీళ్ల మీద, మీ నడుము మీద పడుతుంది.

లేవడం ఆయన పని. ముందు మంచం అంచుకు జరగమనండి. ఒకటి రెండు నిమిషాలు అక్కడే కూర్చోవాలి. రోజుల తరబడి పడుకున్నవాళ్లు ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. దెబ్బకాలు ముందుకు చాపి, మంచి కాలి పాదాన్ని మోకాలికన్నా కాస్త వెనక్కి పెట్టుకోవాలి. రెండు అరచేతులూ పరుపు మీద ఆనించి, తల మోకాలి మీదకు వచ్చేంత ముందుకు వంగి, చేతులతో నొక్కుతూ లేవాలి. వాకర్ పట్టుకుని పైకి లాక్కుంటే అది ఆయన మీదకే ఒరుగుతుంది. లేచాకే దాన్ని పట్టుకోవాలి. మీరు దెబ్బకాలి వైపు, అర అడుగు వెనగ్గా నిలబడి ఆయన నడుముకు కట్టిన వెడల్పాటి బెల్టు పట్టుకోండి. ఆ బెల్టు తూలితే ఆపడానికే, ఎత్తడానికి కాదు. మంచం మరీ పల్లంగా ఉంటే ఎవరివల్లా కాదు. కూర్చున్నప్పుడు తుంటి మోకాలికన్నా కొంచెం ఎత్తులో ఉండాలి.

చంకకర్రలైతే పైదిండుకూ చంకకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. పిడి పట్టుకున్నప్పుడు మోచేయి కొద్దిగా వంగాలి. బరువు అరచేతుల మీదే వేయాలి. చంకల మీద వేలాడితే అక్కడి నరం నలిగి, చేతికి తిమ్మిరెక్కి, మణికట్టు పైకి లేవకుండా వాలిపోవచ్చు కూడా.

ఇక మెట్లు. దెబ్బకాలు ఎక్కడా ఆనకుండా గాల్లోనే ఉండాలి. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, ఆ వెనక దెబ్బకాలు, కర్రలు. దిగేటప్పుడు కర్రలు, దెబ్బకాలు ముందు, మంచి కాలు తర్వాత. ఎక్కేటప్పుడైనా దిగేటప్పుడైనా మీరు ఆయనకన్నా కింది మెట్ల మీదే ఉండాలి. మొదటిసారి ఫిజియో ముందే చేయించండి. అప్పటిదాకా ఎక్కక తప్పకపోతే, మెట్టు మీద కూర్చుని, చేతులూ మంచి కాలూ ఊతంగా వెనక్కి ఒక్కో మెట్టూ జరగడమే మేలు. చూడ్డానికి బాగుండకపోవచ్చు కానీ పడే భయం తక్కువ.

ప్రశ్న: మా ఆవిడకి మోకాలి దగ్గర ప్లేటు వేశారు. మోకాలి కింద దిండు పెడితేనే నిద్ర పడుతుందంటుంది. వ్యాయామం మాటెత్తితే కోపం.

జవాబు: ఆ దిండు హాయిగానే ఉంటుంది, చిక్కంతా అక్కడే. మోకాలు వంగి ఉంటే నొప్పి తగ్గుతుంది. కానీ వారాలు గడిచేసరికి వెనకవైపు బిగుసుకుపోయి, పూర్తిగా చాపలేని కాలే మిగులుతుంది. వాపు తగ్గాలంటే పిక్క నుంచి మడమ దాకా ఆనేలా, గుండెకన్నా ఎత్తులో పెట్టాలి. మోకాలు చాపొచ్చని డాక్టరు చెప్పి ఉంటే, మడమ కింద చుట్టిన టవలు ఉంచి, పది నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు మోకాలి కింద ఖాళీగా వదిలేయండి.

వ్యాయామానికి అరగంట, ముప్పావుగంట ముందు నొప్పి మాత్ర పడేలా టైము కుదర్చండి. సగం గొడవలు దాంతోనే పోతాయి. “చేశావా?” అని అడగడం మానేసి “ఇప్పుడా, కాసేపయ్యాకా?” అనండి. మంచానపడ్డ మనిషికి ఏదీ తన చేతిలో లేదనిపిస్తుంది, కోపం అందుకే. కూర్చుని చేయగల పనులు ఆవిడకే వదిలేయండి. దిగులు, పీడకలలు రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి. ఘాటైన నొప్పి మాత్రలతో మలబద్ధకం కూడా చిరాకు పెడుతుంది, చాలామంది సిగ్గుపడి పైకి చెప్పరు.

ప్రశ్న: పావువంతు బరువు మోపమన్నారు. ఎంతో తెలిసేదెలా?

జవాబు: బరువు తూచే మిషన్‌తో. 70 కిలోల మనిషికి పావువంతంటే 17, 18 కిలోలు. వాకర్ పట్టుకుని మంచి కాలు మిషన్ ఎత్తుకు సమానమైన పలక మీద, దెబ్బకాలు మిషన్ మీద పెట్టి, ముల్లు అక్కడికి వచ్చేదాకా మెల్లగా నొక్కమనండి. పదిసార్లు చేస్తే ఆ ఒత్తిడి కాలికి గుర్తుంటుంది. అయితే రోజూ ఒకసారి సరిచూడండి, నొప్పి తగ్గేకొద్దీ తెలియకుండానే ఎక్కువ మోపేస్తారు.

ప్రశ్న: పిక్క వాచింది. నూనె రాసి మర్దన చేయొచ్చా?

జవాబు: వద్దు. రక్తనాళంలో గడ్డ కట్టి ఉంటే మర్దనతో అది కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. పిక్క కొత్తగా వాచినా, వేడిగా, నొప్పిగా ఉన్నా అదే రోజు డాక్టరుకు చూపించండి. ఆయాసం, ఛాతీనొప్పి ఉంటే అంబులెన్స్ పిలవండి. రక్తం పలచబడే ఇంజెక్షన్లు రాసిస్తే ఒక్కటీ తప్పించొద్దు. మాత్రలకు లొంగని నొప్పి పెరుగుతూ, వేళ్లు మొద్దుబారి, ఎవరైనా వేళ్లను పైకి వంచితే ప్రాణం పోయినట్టుంటే, ముఖ్యంగా దెబ్బ తగిలిన, ఆపరేషన్ అయిన తొలి రోజుల్లో, తెల్లారేదాకా ఆగకండి. కండరాల్లో ఒత్తిడి పెరిగిపోతే కొన్ని గంటల్లోనే అవి చచ్చిపోతాయి.