ఎక్కడ నచ్చిందో చెప్పు అబ్బయ్యా

కావలి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోన్‌లో పంపిన సినిమా రివ్యూల పేజీలు రెండుసార్లు చదివాను. మొదట మీ అత్త చదివి వినిపించింది, తర్వాత కళ్లజోడు పెట్టుకుని నేనే చదువుకున్నాను. పదకొండు సినిమాలు, నాలుగు సిరీస్‌లు. ఒంగోలు హాస్టల్లో ఉంటూ ఇవన్నీ చూసి, కూర్చుని రాశావంటే నీకు దీని మీద నిజంగా మనసుంది. ఎలా ఉన్నాయో ఉన్నదున్నట్టు చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నా.

‘సూపర్’, ‘లాగ్’, ‘ఎమోషన్ వర్కవుట్ అయింది’, ‘సెకండాఫ్ పోయింది’. పదిహేనింటికీ ఈ నాలుగు మాటలే తిప్పి తిప్పి వాడావు. ఇవి తీర్పులు అబ్బయ్యా. టీ కొట్టు దగ్గర ఎవరినడిగినా తీర్పు చెబుతారు. నీకు నచ్చింది ఎక్కడ, చెడింది ఎక్కడ? ఆ చోటు నాకు చూపించు.

ఈ మాట నాకు సినిమా హాల్లో ప్రొజెక్టర్ మిషన్లు నడిపిన క్యాబిన్ నేర్పింది. ఆ రోజుల్లో వెయ్యి అడుగుల రీలు దాదాపు 11 నిమిషాలు ఆడేది. రీలు అయిపోవస్తుందనగా తెర మీద కుడివైపు పైమూలలో చిన్న చుక్క పడేది. ఆ చుక్కకు రెండో మిషన్ మోటారు వెయ్యాలి, కాసేపటికి ఇంకో చుక్క పడగానే బొమ్మను ఈ మిషన్ నుంచి ఆ మిషన్‌కు మార్చాలి. చుక్క కోసం కాచుకున్న కన్ను కథ మీద నిలవదు. అందుకని చాలా సినిమాలు నేను జనాన్ని చూస్తూ చూశాను. క్యాబిన్ గోడకున్న జానెడు అద్దంలోంచి కింద తలలన్నీ కనిపించేవి. ఏ రీల్లో బీడీకి లేస్తారో, ఏ రీల్లో గోలీసోడా అమ్మే కుర్రాడు కూడా అమ్మకం మానేసి తలుపు దగ్గర నిలబడిపోతాడో రోజుకు నాలుగు ఆటలు చూసేవాడికి తెలిసిపోతుంది. బాగుంది, బాగాలేదు అనేది సినిమా మొత్తానికీ ఒకేసారి పుట్టే మాట కాదు. ఫలానా రీల్లో, ఫలానా చోట పుడుతుంది.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతా. 1980లో ‘శంకరాభరణం’ మా హాలుకు వచ్చినప్పుడు నేనింకా అసిస్టెంటుని. మొదటి రోజుల్లో కుర్చీలు ఖాళీ. పేరున్న హీరో లేడు, ఫైట్లు లేవు, శంకరశాస్త్రి వేషం వేసిన సోమయాజులు ఎవరో జనానికి తెలియదు. బజార్లో అడిగిన వాళ్లందరికీ ‘ఆడదు’ అని చెప్పేశాను. అప్పటికి ఆ సినిమాను కుదురుగా ఒక్క రీలు కూడా చూడలేదు. ఒక సెకండ్ షోకి మా పెద్ద ఆపరేటర్ నన్ను కిందికి పంపి, పోయి కూర్చోమన్నాడు. మంజుభార్గవికి అందులో మాటలు చాలా తక్కువ. శాస్త్రిగారు పాడుతుంటే వింటుంది, అంతే. ఆమె ముఖంలో ఆ వినడం చూశాక నా ఒళ్లు జలదరించింది. నాకు సంగీతం రాదు, ఇప్పటికీ రాగాల పేర్లు తెలియవు. పాట ఎంత గొప్పదో వింటున్న మనిషి ముఖం ద్వారా నాకు చెప్పాడు డైరెక్టర్ విశ్వనాథ్. ఆ వారం జనం ఎందుకు పెరిగారో అప్పుడు అర్థమైంది. చూడకుండా అన్న ఆ మాటకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. నువ్వు మాత్రం ఎవరి మాటా వినకముందే, చూసిన రాత్రే నాలుగు ముక్కలు రాసి పెట్టుకో. పొద్దున లేచి మళ్లీ చూసుకో. పొద్దుటికి కూడా కళ్ల ముందున్న సీను ఏదైతే ఉందో, దాంతో మొదలుపెట్టు.

ఇక మనవాళ్ల సంగతి. ‘ప్రతిఘటన’ గురించి రాస్తూ, డైరెక్టర్ టి.కృష్ణ మన ప్రకాశం జిల్లా మనిషి కాబట్టి వంక పెట్టడానికి మనసు రాలేదన్నావు. ఆ అభిమానం నాకూ ఉంది. కానీ 1985లో ఆ సినిమా వేసినప్పుడు కొన్ని సీన్లలో మనుషులు మాట్లాడుకున్నట్టు కాక సభలో ఉపన్యసించినట్టు ఉందని నాకు అనిపించింది. అదే సినిమాలో విజయశాంతి క్లాసులో పిల్లల ముందు పాడే పాట దగ్గర, ఈలలు వేసే నేలటికెట్టు వాళ్లు తలలొంచుకోవడం నా అద్దంలోంచి చూశాను. రెండూ నిజమే, రెండూ రాయాలి. మనవాడని వంక దాచిపెడితే, రేపు నువ్వు మెచ్చుకున్నా ఎవరూ నమ్మరు.

‘పుష్పక విమానం’ నీకు స్లోగా ఉందట, మాటలు లేకపోతే బోరట. ఇది మాత్రం నేను ఒప్పుకోను. మన ఉదయగిరిలో పుట్టిన సింగీతం శ్రీనివాసరావు 1987లో ఒక్క డైలాగు లేకుండా తీశాడు. కమల్ హాసన్ ఉండే ఇరుకు గది పక్కనే సినిమా హాలు. రాత్రంతా ఆ ఫైట్ల మోత వింటూ నిద్రపోవడం అతనికి అలవాటు. తర్వాత పెద్ద హోటల్లో మెత్తటి పరుపు మీద పడుకుంటే నిద్ర రాదు. చివరికి ఏం చేస్తాడు? ఆ పాత చప్పుడును టేపులో రికార్డు చేసి తెచ్చి, పెట్టుకుని పడుకుంటాడు. డబ్బొచ్చినా పేదరికం ఒంట్లోంచి పోదని చెప్పడానికి ఇంకొకరైతే రెండు పేజీల డైలాగు రాయించేవారు. నేను రిటైరయిన కొత్తలో మిషన్ చప్పుడు లేక చాలా రోజులు నిద్ర పట్టలేదు. అందుకే ఆ సీను నాకు అంత దగ్గరైంది. ఇలా నీ బతుకులోంచి వచ్చిన కారణం ఉంటే అదీ రాయి. చదివేవాడికి నువ్వెక్కడ నిలబడి చూశావో తెలుస్తుంది. అన్నట్టు, ఆ సినిమా చూస్తూ మధ్యలో ఫోన్ చూశావా? మాటల్లేని సినిమాలో ఒక్క నిమిషం తల దించితే కథ పోతుంది.

సిరీస్‌ల గురించి నాకు తెలిసింది తక్కువ. హిందీ సిరీస్ ‘పంచాయత్’ మొదటి సీజన్ ఎనిమిది ఎపిసోడ్లూ ఒక్క రాత్రిలో చూసి ‘టైంపాస్’ అని రాశావు. నేను రోజుకొకటి చూశాను. సర్పంచి పదవి భార్యది, పెత్తనం భర్తది. ఇది మన పల్లెల్లో మనకు తెలియని సంగతా? ఆఖరి ఎపిసోడ్‌లో ఆ సర్పంచి వేషం వేసిన నీనా గుప్తా జెండా దగ్గర పాడటానికి జనగణమన నేర్చుకుంటుంది. అది చూసి మీ అత్త చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, తను వార్డు మెంబరుగా ఉన్నప్పుడు సంతకాలు ఎవరు చేసేవారో చెప్పింది. నాకు ఇన్నేళ్లూ తెలియదు. ఎనిమిదీ ఒకేసారి చూస్తే అలాంటి మాటకు చోటెక్కడ ఉంటుంది? తర్వాతి సీజన్లలో ఎలక్షన్ గొడవలు ఎక్కువై ఆ పల్లె నాకు దూరమైంది. నీకు అలా అనిపించకపోతే ఎందుకో రాయి, తెలుసుకోవాలని ఉంది.

స్టార్లు, మార్కులు తీసెయ్. మూడుంపావుకీ మూడున్నరకీ తేడా ఏమిటో నువ్వు నాకు చెప్పలేవు. ఆఖరి మలుపు ముందే చెప్పేయకు. హీరో మీద అభిమానం ఉంటే మొదటి వాక్యంలోనే ఒప్పుకో.

ఒక్క పేజీ మళ్లీ రాసి పంపు. ఏ సినిమా అయినా సరే, ఒకే సీను. సంక్రాంతికి వచ్చేటప్పుడు నోట్‌బుక్ తెచ్చుకో. ‘పుష్పక విమానం’ ఇద్దరం కూర్చుని చూద్దాం, లైటు ఆర్పేసి, ఫోన్లు రెండూ వంటింట్లో మీ అత్త దగ్గర పెట్టి. టేపు సీను దగ్గర నేను నిన్నే చూస్తుంటాను.

ఇట్లు
మీ మామయ్య