సర్కారు మీద కేసులు వేస్తానంటున్న అమ్మాయికి ఏ లా మంచిది?

ప్రశ్న: మాది హిందూపురం దగ్గర పల్లె. చాన్నాళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. ఊళ్లో మా రెండెకరాలు హైవేకు పోతే ఇచ్చినంత తీసుకున్నాం. సెకండ్ పీయూసీ (ఇంటర్ రెండో ఏడాది) చదివే మా అమ్మాయి, లా చేసి అలాంటి రైతుల తరఫున వాదిస్తానంటోంది. కార్పొరేట్ లా అయితే ప్యాకేజీ బాగుంటుందని అందరూ అంటున్నారు. ప్రభుత్వంతో పెట్టుకుని బతకగలదా? రెండిట్లో ఏది మేలు?

జవాబు: మీరడిగింది పోలికే గానీ, లోపలున్నది సర్కారు పగబడుతుందన్న భయం. అది వదిలేయండి. హైకోర్టులో ప్రభుత్వం ప్రతివాదిగా లేని రోజు ఉండదు. బెంగళూరు పక్కన దేవనహళ్లి దగ్గర 1,777 ఎకరాల సేకరణను రైతుల పోరాటం తర్వాత 2025 జూలైలో ప్రభుత్వమే విరమించుకుంది.

ఈ పని ఆవేశంతో నడవదు, కాగితాలతో నడుస్తుంది. 2013 భూసేకరణ చట్టం కింద ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరాలకు 60 రోజులు. అవార్డు, అంటే పరిహారం ఎంతో తేల్చే ఉత్తర్వు, ప్రకటించినప్పుడు రైతు ఎదుటే ఉంటే, పరిహారం చాలదని రిఫరెన్సు, అంటే తగాదాను పై అథారిటీకి పంపమని, కోరడానికి 6 వారాలే. జాతీయ రహదారి అయితే దారే వేరు: అభ్యంతరానికి 21 రోజులు, డబ్బు తగాదా ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) దగ్గరికి. కర్ణాటకలో పరిశ్రమలకైతే 1966 నాటి కేఐఏడీ (కర్ణాటక పారిశ్రామిక ప్రాంతాల అభివృద్ధి) చట్టం. ఏ చట్టం కింద నోటీసు వచ్చిందో చూడకుండా పిటిషన్ రాస్తే మొదటి అడుగే తప్పు. కేసులు దెబ్బతినేదీ చిన్న చోట్లే. పహణీలో (కర్ణాటక అడంగల్‌లో) ఇంకా చనిపోయిన తాత పేరే ఉంటుంది. మహజరులో, అంటే పొలం చూసి రాసే పంచనామాలో, బోరు, మామిడి చెట్లు ఎక్కవు. అభ్యంతరంతో తీసుకుంటున్నానని రాయకుండా చెక్కు అందుకుంటే, 2013 చట్టం కింద రిఫరెన్సు హక్కే పోతుంది.

కార్పొరేట్ లా మీద నాకు అనుమానాలున్నాయి. మీరు విన్న ప్యాకేజీలు పేరున్న కొద్ది లా స్కూళ్లలో, అక్కడా కొందరికే. మిగతావాళ్లు ఐదేళ్లు లక్షలు పోసి చదివి ఒప్పందాల్లో క్లాజులు సరిచూసే కుర్చీలో కూర్చుంటారు. ఆ పనిలోకి ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కూడా దూరింది. పైగా కంపెనీకి కేటాయించిన స్థలం ప్రభుత్వం రద్దు చేస్తే, వాళ్లు పరిగెత్తేది ప్రభుత్వం మీద హైకోర్టులో రిట్లు వేసే లాయరు దగ్గరికే.

‘అందరూ’ అన్నారే, వాళ్లలో ఒక్కరైనా కోర్టు మెట్లెక్కారా? ఇచ్చినంత తీసుకొచ్చిన ఇంట్లో పెరిగిన పిల్ల ఆ మాట ఎందుకంటోందో మీకు తెలియదా?

భయపడాల్సింది వేరే ఉంది. జూనియర్‌గా మొదటి మూడు నాలుగేళ్లు చేతికొచ్చేది తక్కువ. నగరాల్లో నెలకు 20,000 రూపాయలైనా ఇవ్వాలని బార్ కౌన్సిల్ 2024లో చెప్పినా, అది సిఫారసే. అన్నాళ్లు ఇంటి నుంచి ఆసరా ఇవ్వగలరా, ఇప్పుడే లెక్క చూసుకోండి. రేపు జడ్జి పరీక్ష రాయాలన్నా, 2025 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం మూడేళ్ల ప్రాక్టీసు తప్పదు కాబట్టి ఆ ఏళ్లు వృథా పోవు. ఇక కన్నడం: లిపి మనదానికి దగ్గరే కదా అని ఊరుకోవద్దు. పాత చేతిరాత రికార్డులు చదవడం వేరే విద్య.

పరీక్షలయ్యాక మీ రెండెకరాల ఫైలు, అంటే నోటీసు, అవార్డు కాపీ, అడంగల్, పాసుపుస్తకం, ఆమె చేతిలో పెట్టండి. తేదీలు వరసగా రాసి, గడువు ఎక్కడ దాటిందో చెప్పమనండి. రెండో రోజుకే విసుగొస్తే కార్పొరేట్ సంగతి మాట్లాడదాం. అన్నానికి పిలిచినా లేవకపోతే, సివిల్ వైపు మంచి సీనియర్ ఎవరున్నారో వాకబు చేయడం మొదలుపెట్టండి.