ఇంట్లో ముక్కవాసన, పాపకి రాత్రిళ్లు దగ్గు.. స్ప్రే కొడితే పోతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం వైజాగ్ లాసన్స్ బే కాలనీలో గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటాం. వానలు పడితే చాలు బీరువాలో, మంచం వెనక గోడ దగ్గర ఒకటే ముక్కవాసన. గెస్ట్ బాత్రూంలోంచి మురుగు కంపు, చేపలు వండిన రోజు నీచు వాసన. రూమ్ స్ప్రే, సాంబ్రాణి, కలరా ఉండలు అన్నీ వాడుతున్నాను. నాలుగేళ్ల పాప నెల రోజులుగా రాత్రిళ్లు దగ్గుతోంది. ఈ వాసనల వల్లేనా?

జవాబు: అమ్మా, ముందు ఆ స్ప్రే, సాంబ్రాణి, కలరా ఉండలు మూడూ ఇవాళే ఆపెయ్యండి. దగ్గే పిల్లలకి వాసన కన్నా దాన్ని కప్పడానికి మనం వాడేవే ఎక్కువ ఇబ్బంది పెడతాయి చాలాసార్లు. సాంబ్రాణైనా అగరుబత్తైనా పొగ పొగే, ఊపిరితిత్తుల్లోకి వెళ్లే సన్నటి నుసి అందులోనూ ఉంటుంది. కలరా ఉండల్లో ఉండే నాఫ్తలీన్ సంగతి మరీ ముఖ్యం, జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువున్న పిల్లలకి దాని ఆవిరి పీల్చినా ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు, రక్తహీనత రావచ్చు, అందుకే పసిపిల్లల బట్టల్లో అస్సలు పెట్టొద్దని వచ్చిన ప్రతి తల్లికీ చెప్తాను.

ఇక ముక్కవాసన. అది బూజు వాసన, అంటే ఎక్కడో చెమ్మ ఉన్నట్టే. మన వైజాగ్ గాలిలో తేమ ఏడాదిలో చాలా రోజులు 70 శాతం పైనే ఉంటుంది, ఇంట్లో 60 దాటితే బూజుకి పండగే. పైగా సముద్రం పక్కన కిటికీలు తీస్తే ఇల్లు ఆరుతుందనుకుంటాం గానీ వానాకాలంలో ఆ గాలే తేమని మోసుకొస్తుంది, కాబట్టి బాగా ఎండ కాసినప్పుడే తీసి, మిగతా టైములో ఫ్యాన్ వెయ్యండి, ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో పెట్టండి, దాని ఫిల్టర్ రెండు వారాలకోసారి కడగండి. బీరువా, మంచం గోడకి నాలుగైదు అంగుళాలు ఎడంగా జరపండి. తడిబట్టలు బెడ్రూంలో ఆరెయ్యొద్దు. గోడ మీద బూజుని సబ్బునీళ్లతో రుద్ది పూర్తిగా ఆరనివ్వండి, ఆ టైములో మాస్కు పెట్టుకోండి, పాప వేరే గదిలో ఉండాలి. గోడలోంచి నీరు ఊరుతుంటే మాత్రం ఎంత తుడిచినా మళ్లీ వస్తుంది, ఓనర్‌తో గట్టిగా మాట్లాడి ఆ లీకేజీ బాగుచేయించుకోవాల్సిందే.

గెస్ట్ బాత్రూం కంపు చాలా తేలిక. వాడకపోతే జాలీ కింద వంపులో నిలవుండే నీళ్లు ఆవిరైపోయి డ్రైనేజీ గాలి పైకొచ్చేస్తుంది. వారానికోసారి ఒక మగ్గు నీళ్లు పొయ్యండి, అంతే. కంపు పోవాలని బ్లీచింగూ బాత్రూం యాసిడూ కలిపి మాత్రం ఎప్పుడూ వెయ్యకండి, క్లోరిన్ గ్యాస్ పుట్టి ఊపిరాడదు, ఇలా తెలియక చేసి ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లు ఉంటారు.

నీచు వాసనకి ట్రైమిథైలమీన్ అనేది కారణం, పులుపు తగిలితే దాని ఘాటు చచ్చిపోతుంది, మన పెద్దవాళ్లు చేపల్ని చింతపండు, ఉప్పు, పసుపుతో కడిగేది ఊరికే కాదు. కానాగంతలు వండిన రోజు సింకుని, కత్తిపీటని నిమ్మచెక్కతో రుద్ది కడిగి, చెత్త ఆ రాత్రే బయట పెట్టెయ్యండి.

మరో మాట, కుళ్లిన గుడ్డు లాంటి వాసన వంటింట్లో వస్తే డ్రైనేజీ అనుకోకండి, గ్యాస్ లీకై ఉండొచ్చు. స్విచ్‌లు ముట్టుకోకుండా, రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తీసి, బయటికొచ్చి 1906కి ఫోన్ చెయ్యండి.

పాప విషయంలో మాత్రం ఇల్లు బాగయ్యేదాకా ఆగొద్దు. నెల రోజుల రాత్రి దగ్గంటే అలర్జీ కావచ్చు, ఆస్తమా మొదలు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, చూడకుండా నేను చెప్పలేను, ఈ వారమే పిల్లల డాక్టర్‌కి చూపించండి. ఇంట్లో ఎవరికైనా ఆస్తమా, తుమ్ములు ఉన్నాయేమో ఆయనకి చెప్పండి. ఇన్హేలర్ రాస్తే అలవాటైపోతుందని భయపడొద్దు, అలా అవదు. ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి లాగినా, పెదాలు నీలంగా మారినా, మాట్లాడటానికి ఆయాసపడినా తెల్లారేదాకా చూడకుండా వెంటనే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కో దగ్గర్లో ఉన్న ఎమర్జెన్సీకో తీసుకెళ్లండి.