పని మొదలుకాకముందే ఆధారాలు పెట్టుకోండి

అన్నా, ముత్తుకూరు వైపు మీ ఇంటి పక్కనే రోడ్డు వెడల్పు చేస్తారంటున్నారు, దుమ్మూ మోతా పెరిగితే ఎలా నిరూపించాలి అని అడిగారు కదా, ముందు ఇప్పటి పరిస్థితికి ఆధారం పెట్టుకోండి. అది లేకుంటే రేపు ఎంత మొత్తుకున్నా "మీ గోడ ముందే బీటలిచ్చింది" అని చేతులు దులుపుకుంటారు. ఉన్న ప్రతి పగులుకూ రెండు కొసల్లో పెన్సిల్‌తో అడ్డగీత గీసి, తేదీ వేసి, స్కేలు పెట్టి ఫొటో తీయండి. రోలర్ తిరిగాక పగులు ఆ గీత దాటితే అంత తేలిగ్గా కొట్టిపారేయలేరు.

మోతకైతే నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబుల్స్ పరిమితి. ఫోన్ యాప్ లెక్క సాక్ష్యంగా నిలవదు గానీ ఏ వేళ మోత ఎక్కువో తెలుస్తుంది, ఆ వేళకే వచ్చి కొలవమని కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ పెట్టండి. లారీలు రాత్రంతా తిరిగే చోట మిట్టమధ్యాహ్నం కొలుచుకుపోతే ఏం లాభం?

పర్యావరణ అనుమతికి ప్రజాభిప్రాయ సేకరణ అవసరమైన ప్రాజెక్టయితే, కేంద్రం 2006లో ఇచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, ఆ అంచనా నివేదిక సారాంశం తెలుగులోనూ ఉండాలి. సభకు వెళ్లలేకపోతే అభ్యంతరాలు రాసి పంపచ్చు. అందులో ఊరికే "మాకు ఇబ్బంది" అని రాయొద్దు. పిల్లలు బడికి రోడ్డు దాటడానికి ఇప్పుడెంత సేపు పడుతోంది, మధ్యలో డివైడర్ వస్తే ఎంత దూరం తిరిగి రావాలి, వాన నీళ్లు ఇప్పుడు ఎటు పోతున్నాయి, ఇవి రాసి అండర్‌పాస్, కాలువ ఎక్కడ కావాలో గీసి చూపించండి.