లెక్కకు ఒక పేరు పెట్టండి

ప్రశ్న: మేడమ్, నమస్కారం. నేను ఎమ్మెస్సీ అగ్రికల్చర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. బీపీటీ 5204 రకాన్ని చెక్‌గా, అంటే మిగతావాటిని పోల్చుకోవడానికి పెట్టి మొత్తం 12 వరి రకాలతో ప్రయోగం వేశాను. ఒక్కో రకంలో 20 కుదుళ్ల ఎత్తు కొలిచాను. గణాంకాల సాఫ్ట్‌వేర్ ఆర్‌లో మొదటి రకానికి సగటు, ప్రామాణిక దోషం (ఆ సగటు ఎంత కచ్చితమో చెప్పే అంకె) కట్టే లైన్లు రాసుకున్నాను. వాటినే కాపీ చేసి మిగతా 11 రకాలకూ అతికించి, పేర్లు మార్చుకుంటూ పోయాను. తొమ్మిదో రకం దగ్గర ఒకచోట పేరు మార్చడం మర్చిపోయాను. ఎనిమిదో రకానికీ తొమ్మిదో రకానికీ ప్రామాణిక దోషం ఒక్కటే ఎలా వచ్చిందని మా గైడ్ అడిగేదాకా నాకు తెలియలేదు. థీసిస్ ఇవ్వడానికి ఇంక రెండు నెలలే ఉంది. ఇంకెక్కడ ఏ తప్పు దాగుందోనని టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఫంక్షన్లు, అంటే ఒక లెక్కను పేరు పెట్టి ఒక్కచోట దాచుకునే కోడ్, రాసుకోమని సీనియర్లు అంటున్నారు. నాకు ప్రోగ్రామింగ్ రాదు. రాయగలనా? ఎక్కడ మొదలుపెట్టాలి?
ఒక విద్యార్థిని, బాపట్ల

జవాబు: రాయగలవమ్మా. ముందు ఆర్ తెరిచి ఒక చిన్న పని చెయ్యి. రోజూ వాడే ఎస్‌డీ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనం) ఉంది కదా, దాని పేరు మాత్రం కొట్టి, బ్రాకెట్లు పెట్టకుండా ఎంటర్ నొక్కు. లోపల ఏముందో తెరమీద కనిపిస్తుంది. వేరియన్స్ తీసుకుని దానికి వర్గమూలం కట్టడం, అంతే. ఏడాదిగా నువ్వు నమ్ముకున్న ఎస్‌డీ కూడా ఎవరో ఒకరు రాసిన ఒక్క లైను ఫంక్షనే. ఆర్‌కు మూలమైన ఎస్ భాషను 1976లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ ఛాంబర్స్, ఆయన తోటివాళ్లు మొదలుపెట్టారు. లెక్కలు చేసుకోవడానికి వచ్చిన మనిషి అవసరం పెరిగే కొద్దీ మెల్లగా ప్రోగ్రాం రాయడంలోకి జారుకోవాలన్నది దాని వెనకున్న ఆలోచన. ఆక్లండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ ఆర్‌ను తయారుచేసినప్పుడు అదే దారిలో నడిచారు. కాబట్టి ప్రోగ్రామర్లు వేరే జాతి, నువ్వు వేరే జాతి అనుకోవద్దు. పన్నెండుసార్లు అతికించిన ఆ లైన్లు ఉన్నాయే, నువ్వు రాయాల్సిన ఫంక్షన్ అప్పటికే వాటిలో ఉంది. దానికి పేరు పెట్టలేదు, అదొక్కటే తక్కువ.

మీ గైడ్ పట్టుకున్న తప్పు లాంటిది నా చేతిమీదుగా కూడా జరిగింది. పరిశోధన స్థానంలో పనిచేసేటప్పుడు మా నికర మడి, అంటే దిగుబడి కోసం కోసి తూచే భాగం, 20 చదరపు మీటర్లు. మడి బరువును 500తో గుణిస్తే హెక్టారు దిగుబడి వచ్చేస్తుంది. ఒక ఖరీఫ్‌లో గట్టు వెంబడి వరసలను ఎలుకలు కొట్టేశాయి. వాటిని వదిలేసి 18 చదరపు మీటర్లే కోశాం. అంటే 500 పోయి 555.6 రావాలి. షీట్‌లో ఆ 500 పదుల గళ్లలో నేరుగా టైపు చేసి ఉంది. ఒక్కొక్కటే మార్చుకుంటూ వెళ్లి, రెండు రకాల దగ్గర వదిలేశాను. ఆ రెండింటి దిగుబడి సరిగ్గా పదో వంతు తక్కువ చూపించింది. పట్టికలో అవి అట్టడుగుకు వెళ్లిపోయాయి. నివేదిక పంపేసిన మూడు వారాలకు, వేరే పనిమీద ఫీల్డ్ పుస్తకం తిరగేస్తుంటే కంటపడింది. సవరణ పంపించాం. ఆ రకాలను ఏళ్ల తరబడి పెంచుకొచ్చిన బ్రీడర్‌గారి గదికి వెళ్లి, ఇలా జరిగిందండీ అని చెప్పడం మాత్రం నాకు చాలా కష్టమైంది. అప్పటినుంచీ ఒక లెక్క రెండోసారి అవసరమైందంటే దానికి పేరు పెట్టి ఒక్కచోటే రాస్తున్నాను.

మడి బరువు నుంచి హెక్టారు దిగుబడి కట్టే ఫంక్షన్ ఇలా ఉంటుంది. పత్రికలో చదువుకోవడానికి వీలుగా తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాను, నువ్వు ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టుకో.

హెక్టారు_దిగుబడి <- ఫంక్షన్(బరువు, తేమ, విస్తీర్ణం, ప్రామాణిక_తేమ = 14) {
  సరి_బరువు <- బరువు * (100 - తేమ) / (100 - ప్రామాణిక_తేమ)
  సరి_బరువు * 10000 / విస్తీర్ణం
}

బ్రాకెట్లలో ఉన్నవి బయటినుంచి వచ్చే సరుకు. మీసాల బ్రాకెట్ల మధ్య ఉన్నది పని. చివరి లైను విలువే జవాబుగా బయటికి వస్తుంది. 22 శాతం తేమ మీద కోసిన 12 కిలోల మడి, 20 చదరపు మీటర్లు అనుకో. తేమ సరిచేయకపోతే హెక్టారుకు 6,000 కిలోలు. ఫంక్షన్ ఇచ్చేది 5,442. ఒక్క మడి బదులు బరువుల కాలమ్, తేమల కాలమ్ మొత్తంగా ఇచ్చినా ఇదే ఫంక్షన్ పనిచేస్తుంది. ఒక్కో మడికీ లెక్కను మళ్లీ మళ్లీ తిప్పే లూప్ అక్కర్లేదు.

ఇందులో ఒక్క ప్రామాణిక తేమకే ముందుగా విలువ ఇచ్చానని గమనించావా? 14 శాతం అనేది ధాన్యం బరువు చెప్పేటప్పుడు అందరం ఒప్పుకున్న కట్టుబాటు. అందుకే దాన్ని డీఫాల్ట్‌గా పెట్టొచ్చు. తేమ, విస్తీర్ణం అలాంటివి కావు, పొలంలో కొలిచి తేవాల్సినవి. విస్తీర్ణానికి 20 అని డీఫాల్ట్ పెట్టి ఉంటే, 18 కోసిన ఏడాది అది నోరెత్తకుండా 20తో కట్టేసేది. కొలవాల్సినదానికి డీఫాల్ట్ ఇవ్వకు. కొలిచిన విలువ ఇవ్వడం మర్చిపోతే ఆర్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోనీ.

ఆగిపోవడం మనమే నేర్పించాల్సిన సందర్భాలూ ఉంటాయి. ఎవరైనా 22 బదులు 0.22 అని ఎక్కించారనుకో. అదే మడి దిగుబడి 6,961 అయిపోతుంది. ఆరబెడితే ధాన్యం బరువు తగ్గాలి గానీ పెరుగుతుందా? ఆర్‌కు ఆ సంగతి తెలియదు, దానికి అదొక అంకె మాత్రమే. అందుకని ఫంక్షన్ లోపల మొదటి లైనుగా ఇది చేర్చు:

  ఇఫ్ (ఎనీ(తేమ < 5 | తేమ > 40, ఎన్‌ఏ.ఆర్‌ఎం = ట్రూ)) స్టాప్("తేమ శాతంలో ఇవ్వాలి")

ఎన్‌ఏ.ఆర్‌ఎం = ట్రూ అంటే ఖాళీ గళ్లను వదిలేయమని. ఎనీ ఎందుకంటే, తేమ ఒక్క అంకె కాదు, మొత్తం కాలమ్. ఇఫ్‌కు ఒకేసారి ఇన్ని అవునూ కాదులు ఇస్తే ఆర్ 4.2.0 నుంచి నేరుగా ఎర్రర్ వస్తుంది. పాత వెర్షన్లు మొదటి విలువ మాత్రమే చూసి, హెచ్చరిక ఒకటి పడేసి ముందుకు పోయేవి.

ఇక నీ ప్రామాణిక దోషం. ఆర్‌తో పాటు వచ్చే ఫంక్షన్లలో దీనికంటూ విడిగా ఒకటి లేదు, కాబట్టి అందరూ సొంతంగా రాసుకుంటారు. అందరూ ఒకే గోతిలో పడతారు కూడా. ఎస్‌డీని లెంగ్త్ (ఎన్ని విలువలున్నాయో చెప్పే ఫంక్షన్) వర్గమూలంతో భాగిస్తే చాలు కదా అని రాస్తారు. డేటాలో ఖాళీలు, అంటే ఎన్‌ఏలు ఉంటే జవాబు కూడా ఎన్‌ఏ అని వస్తుంది. అప్పుడు ఎస్‌డీకి ఎన్‌ఏ.ఆర్‌ఎం = ట్రూ తగిలిస్తారు. అంకె వచ్చేస్తుంది, హమ్మయ్య అనుకుంటారు. కానీ లెంగ్త్ ఖాళీలను కూడా లెక్కపెడుతూనే ఉంటుంది. నీ 20 కుదుళ్లలో నాలుగు పడిపోయి 16 ఎత్తులే ఉన్నాయనుకో, ఎస్‌డీ 8 సెంటీమీటర్లు అనుకో. 16 వర్గమూలం 4, కాబట్టి ప్రామాణిక దోషం 2.0 రావాలి. తప్పు ఫంక్షన్ 20 వర్గమూలంతో భాగించి 1.79 ఇస్తుంది. ఖాళీలు పెరిగే కొద్దీ ప్రయోగం అసలున్నదానికంటే మరింత కచ్చితంగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఇది చాలా ప్రమాదం. ఎర్రర్ రాదు, అంకె కూడా నమ్మేలాగే ఉంటుంది.

ప్రామాణిక_దోషం <- ఫంక్షన్(విలువలు) {
  ఉన్నవి <- విలువలు[!ఈజ్.ఎన్‌ఏ(విలువలు)]
  ఎస్‌డీ(ఉన్నవి) / ఎస్‌క్యూఆర్‌టీ(లెంగ్త్(ఉన్నవి))
}

ముందే ఖాళీలు తీసేసి, ఆ మిగిలినవాటినే రెండుచోట్లా వాడాం. ఇప్పుడు దీన్ని 2, 4, 6 మీద నడుపు. సగటు 4, ఎస్‌డీ 2, మూడు విలువలు, జవాబు 1.155. నోటితోనే కట్టుకోవచ్చు. తర్వాత 2, 4, 6, ఎన్‌ఏ ఇవ్వు. అప్పుడూ 1.155 రావాలి. 1 వచ్చిందంటే ఖాళీని లెక్కపెట్టినట్టే. నీ పాత లైన్ల మీద కూడా ఈ పరీక్ష ఇవాళే చెయ్యి. నిద్ర పట్టకపోవడానికి మందు ఇదేనమ్మా. ఏ తప్పు ఎక్కడుందోనని 12 చోట్ల వెతకక్కర్లేదు, ఒక్కచోట చూస్తే చాలు.

12 రకాలూ 12 కాలమ్‌లుగా ఉన్న టేబుల్ అయితే, దాన్నీ ఈ ఫంక్షన్ పేరునూ ఎస్‌అప్లైకి, అంటే ఒక ఫంక్షన్‌ను ప్రతి కాలమ్ మీదా నడిపే ఆర్ ఫంక్షన్‌కు ఇవ్వు. ఒక్క లైనులో 12 జవాబులు వస్తాయి. మార్చడానికి పేర్లే లేవు గనక మర్చిపోవడానికీ ఏమీ లేదు. మీ గైడ్‌గారికి కొత్త పట్టిక ఇచ్చేటప్పుడు పాత పట్టికలో ఏ అంకెలు మారాయో గుర్తుపెట్టి రెండూ కలిపి ఇవ్వు.

ప్రశ్న: మేడమ్, నేను హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. నేను రాసిన ఫంక్షన్ నా ల్యాప్‌టాప్‌లో నెలలుగా చక్కగా పనిచేస్తోంది. ల్యాబ్ కంప్యూటర్‌లో వేస్తే ‘తేమ’ అనే ఆబ్జెక్ట్ లేదంటూ ఎర్రర్ వస్తోంది. ఒక్క అక్షరం మార్చలేదు. ఇదేమిటి?
ఒక పరిశోధక విద్యార్థి

జవాబు: బాబూ, ల్యాబ్ కంప్యూటర్ నీకు మేలు చేసింది. నీ ఫంక్షన్ లోపల ‘తేమ’ వాడావు గానీ బ్రాకెట్లలో దాన్ని అడగలేదు. ఆర్ ముందు ఫంక్షన్ లోపల వెతుకుతుంది. అక్కడ దొరకకపోతే ఆ ఫంక్షన్‌ను రాసిన చోట, అంటే బయట నీ వర్క్‌స్పేస్‌లో (నువ్వు ఆర్‌లో తయారుచేసినవన్నీ ఉండే చోట) వెతుకుతుంది. నీ ల్యాప్‌టాప్‌లో ఎప్పుడో చేసిన ‘తేమ’ ఒకటి మిగిలిపోయి ఉంది. ఆర్ మూసేటప్పుడు వర్క్‌స్పేస్ దాచమంటావా అని అడిగితే అవునంటూ వచ్చి ఉంటావు, అందుకే తెరిచిన ప్రతిసారీ అది కూడా వెనక్కి వస్తోంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ల్యాబ్‌లో వచ్చిన ఎర్రర్ కాదు, నీ ల్యాప్‌టాప్‌లో రాకపోవడం. ఈ నెలలన్నీ ఆ ఫంక్షన్ ఏ సీజన్ తేమతో లెక్క కట్టిందో ఒకసారి చూసుకో. కిందటి ఏడాది కాలమ్ అయితే ఈ ఏడాది దిగుబడులన్నీ మళ్లీ కట్టాలి. పని పెరిగిందని వాయిదా వేయకు, పేపర్ పంపకముందే చెయ్యి.

ఇక మీదట ఫంక్షన్‌కు కావలసిన ప్రతిదీ బ్రాకెట్లలోనుంచే లోపలికి రావాలి. ఆర్‌ను నడుపుకునే ఆర్‌స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో గ్లోబల్ ఆప్షన్స్‌కు వెళ్లి, మొదలయ్యేటప్పుడు వర్క్‌స్పేస్ తెచ్చుకోవడం ఆపెయ్యి, మూసేటప్పుడు దాచడానికి ‘నెవర్’ పెట్టు. రోజుకు ఒకటి రెండుసార్లు ఆర్‌ను రీస్టార్ట్ చేసి స్క్రిప్ట్‌ను మొదటి లైను నుంచి నడుపు. ఖాళీ వర్క్‌స్పేస్‌లో నడిస్తే ల్యాబ్‌లో కూడా నడుస్తుంది. ప్యాకేజీలు, డేటా ఫైళ్లు మాత్రం అక్కడ ఉన్నాయో లేదో చూసుకో.

ప్రశ్న: మేడమ్‌గారూ, ఫంక్షన్ లోపల నా టేబుల్‌కు కొత్త కాలమ్ చేర్చాను. ఫంక్షన్ నడిచింది, ఎర్రర్ లేదు. బయట టేబుల్ చూస్తే కాలమ్ లేదు. నెట్‌లో చూస్తే రెండు బాణాల గుర్తు వాడమన్నారు, వాడొచ్చా?
ఒక బ్యాంకు ఉద్యోగి, నిజామాబాద్

జవాబు: వాడకండి. ఆర్‌లో మీరు ఇచ్చిన టేబుల్‌ను ఫంక్షన్ లోపల మార్చినప్పుడు, మారేది లోపలి నకలు. మీ అసలు టేబుల్ బయట అలాగే ఉంటుంది. పాస్‌బుక్ జిరాక్స్ మీద పెన్నుతో రాస్తే పాస్‌బుక్ మారదు కదండీ. ఇది మన రక్షణ కోసం ఉన్న ఏర్పాటు. రెండు బాణాల గుర్తు ఫంక్షన్ గోడ దాటి బయటి వస్తువును మారుస్తుంది. ఆరు నెలల తర్వాత ఆ టేబుల్ ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో మీకే తెలియదు.

మీరు చేయాల్సింది రెండు చిన్న మార్పులు. ఫంక్షన్ చివరి లైనులో టేబుల్ పేరు ఒక్కటే రాయండి, అప్పుడు మారిన టేబుల్ జవాబుగా బయటికి వస్తుంది. పిలిచేచోట ఆ జవాబును ‘కొత్త_టేబుల్’ అనే పేరులోకి తీసుకోండి. పాత పేరులోకే తీసుకున్నా నడుస్తుంది. అయితే మొదటి నెల వేరే పేరే వాడండి, రెండు టేబుళ్లనూ పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి వీలుంటుంది.